పిలిస్తివే, వస్తిమి

సింగానల్లూరు మిల్లులో దినకరన్ మేస్త్రీ నోరు తెరిస్తే కప్పుమీది కాకులు తిరుప్పూరు దాకా ఎగిరిపోయేవి. నమ్మకపోతే ఆ కాకుల్నే అడగండి. ఆ సోమవారం సెల్లాయి మిషన్ మీద నూలు తెగింది.

"ఏమే ముండా, నిద్రపోతావా?" అన్నాడు.

నలభై మంది ఆడవాళ్లు విన్నారు. సెల్లాయి మొగుడు పోయి మూడు నెలలు. ఆమె చేతిలో పోగు అలాగే నిలిచిపోయింది.

"నా మొగుడు చచ్చేది నా తప్పా సార్? దానికీ తిట్టా?"

"అవ్వా పాట్టీల కాలం మాట ఇది! బళ్లో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మన తెలుగు మిగిలేది తిట్లలోనే. దాన్నీ పోగొడతావా? రేపు అందరి ముందర తప్పయిందని మన్నిప్పు అడుగు. లేకుంటే గేటు బయటే."

అబ్బో, భాషను కాపాడే మహానుభావుడు! తమిళ దేశానికి వలసొచ్చి ఐదొందల ఏళ్లు దాచుకున్న తెలుగులో వీడి నోటికి దక్కింది ఆ ఒక్క మాట.

పని దిగాక అందరూ బస్టాపులో గుమిగూడారు.

"మనమూ తిట్టుదామక్కా, లంజకొడకా అని," అంది ముత్తుసెల్వి.

మిల్లు ఊడ్చే పాప్పాత్తి చీపురుతో ముందుకొచ్చింది. దినకరన్‌ని కన్నతల్లి ఆమే.

"వాని నోరు కంపయితే నన్నేల లంజను చేస్తావే?"

ముత్తుసెల్వి నాలుక కరుచుకుంది. వేరే తిట్టు వెతికారు. మూడు బస్సులు పోయాయి. ఏది తీసినా పోయి వాడి తల్లిమీదో పెళ్లాంమీదో పడుతోంది.

"తిట్టేది వద్దు," అంది సెల్లాయి. "వాడు ఆ మాటతో పిలిస్తే పోదాము. అందరమూ."

మర్నాడు దినకరన్ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"రావే ముండా, అడుగు మన్నిప్పు!"

సెల్లాయి మిషన్ ఆపింది. ముత్తుసెల్వి ఆపింది. మొన్న పెళ్లయిన పిల్లా ఆపింది. నలభై మిషన్లు ఆగేసరికి, ఆ నిశ్శబ్దానికి కాకులు తిరుప్పూరు నుంచి వెనక్కొచ్చి కప్పుమీద వాలాయి.

"పిలిస్తివే సార్, వస్తిమి."

"పిలిచింది ఒక్కదాన్నే!"

గుంపును తోసుకుంటూ పాప్పాత్తి వచ్చింది. "మీ నాయన పోయి ఇరవై ఏండ్లు. మొగుడు పోయినదాన్ని ముండంటే ఆ పేరు నాదీ గదరా. చెప్పు, ఎవరు ఎవర్ని అడగాల మన్నిప్పు?"

మేస్త్రీ నోరు తెరిచాడు. ఈసారి కాకులు ఎగరలేదు. ఆఫీసులో మిల్లు యజమాని మొదలాళి మాత్రం ఫోనులో పోలీసుల్ని పిలుస్తున్నాడు.

"రానీ," అంటూ సెల్లాయి నేలమీద కూర్చుంది. "వాళ్ల నోట్లోనూ అదే మాట ఉంటాది. అప్పుడూ అందరమూ లేద్దాము."

చీపురు పక్కన పెట్టి పాప్పాత్తి కూర్చుంది. తర్వాత అందరూ.