నానబెట్టని ఆకు

"ఆకుకు తానం జేపిస్తున్నవా ఏందే? బోరు ఎండిపోయేటట్టున్నది" అన్నాడు పర్వతాలు, నేను సిమెంటు తొట్టిలో రెండోసారి నీళ్లు మారుస్తుంటే. పర్వతాలు నా భర్త. లాల్‌గడి మలక్‌పేట్‌లో మాకు రెండు వేల బాయిలర్ కోళ్ల షెడ్డుంది. షెడ్డు ఆయన పేరు మీద ఉంది. చీపురూ పారా దాణా బస్తాలూ మాత్రం నావి.

దాణా ధర మండిపోయిన ఏడు, గట్టు మీది సుబాబుల్ చెట్ల ఆకు ఎండబెట్టి దాణాలో కలుపుదామన్న ఆలోచన నాదే. మొదట నా పెరటికోళ్లకు పెట్టి చూశాను, ఈకలు రాలాయి. మా అవ్వ అడవిగడ్డల విషం పోవడానికి నీళ్లు మార్చి మార్చి నానబెట్టేది. నేనూ ఆకును ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీడలో ఆరబోసి, దంచి, జల్లించి, బస్తాకు రెండు మానికలే కలిపాను. కోళ్లు చక్కగా ఎదిగాయి. కాళ్లు పసుపుపచ్చగా మెరుస్తుంటే కొనేవాళ్లు మా షెడ్డు అడ్రసు అడుక్కుంటూ వచ్చారు.

శామీర్‌పేటలో కోళ్ల రైతుల మీటింగు పెట్టి పర్వతాలుకు శాలువా కప్పారు. "మా ఇంటామెదేమున్నది, ఆకు దెంపుతది. తెలివి నాది" అన్నాడు మైకులో. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కుర్చీలో కూర్చుని నేనూ కొట్టాను, అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "మొగనికి గప్పితే నీకు గప్పినట్టే గదా" అంది మా అత్త నాగమణి. ఆ శాలువా కప్పుకుని పడుకున్నది మాత్రం ఆమే.

ఆ ఊపులో ముగ్గురు రైతులకు ఆకుపొడి ఇస్తానని మాటిచ్చాడు. ఆకంతా తారురోడ్డు మీద ఎండబోసి, గిర్నీలో పట్టించడానికి సిద్ధమయ్యాడు. నానబెట్టాలని చెప్పాను. "గిర్నీ ఉన్నంక నీ తొట్టెందుకు?" అన్నాడు. బస్తాలు కుట్టేనాడు ఆ రైతుల ముందరే మళ్లీ చెప్పాను. "మొగోళ్లు మాట్లాడేకాడ నీ నోరేంది? పోయి చాయ వెట్టు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. నేను పోయి చాయ పెట్టాను. ఇంకొక్కసారి చెబుదామని నాలుక దాకా వచ్చిన మాటను పొయ్యి ముందరే మింగేశాను.

మా షెడ్డులోనూ అదే పొడి, ఎంతపడితే అంత. నా చేతులతోనే పోశాను. నెల దాటినా కోళ్లు పిడికెడంతే ఉన్నాయి, మెడల మీద ఈకలు ఊడిపోయాయి. వాటిని చూస్తే పాపమనిపించేది. ఆయన్ని చూస్తే అనిపించేది కాదు. ఆయన తల పట్టుకుని షెడ్డు ముందు కూర్చున్న రోజు నాకు ఆకలి బాగా వేసేది. రెండు ముద్దలు ఎక్కువే తినేదాన్ని.

ఒక పొద్దున కోళ్ల రైతుల సంఘం పెద్ద కుర్మయ్య ఆ ముగ్గురు రైతుల్నీ వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన చేతిలో మెడ బోసిపోయిన కోడి ఉంది. పర్వతాలు దాన్ని చూశాడు, వెనక్కి తిరిగి నన్ను చూపించాడు.

"నన్నడుగుతవేంది మామా? ఆకు పనంతా దీనిదే. ఏం జేసి సచ్చిందో దీన్నే అడుగు."

కుర్మయ్య నావైపు తిరిగాడు. "ఏమైంది బిడ్డా?"

మా వాకిట్లో ఒక మగవాడు నన్ను ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగడం అదే మొదలు.

"నానవెట్టలే మామా. గా ఆకుల విషముంటది, నీళ్లల్ల నానితేనే పోతది."

"నీకు ఎరుకే గదా, మరి చెప్పొద్దా?"

"రెండుసార్లు చెప్పిన. రెండోసారి చెప్పినప్పుడు గీ ముగ్గురు నవ్విండ్రు, అడుగు." పర్వతాలు వైపు చూస్తూ, పక్కింటి దాకా వినపడేలా అన్నాను. "మూడోసారి కావాల్ననే చెప్పలే."