అమ్మమ్మలా తిట్టు

కీలుంగ్ రేవు మీద వాన. లాండ్రీ నిండా తడి బట్టల వాసన. ఆరబెట్టే యంత్రం తలుపు తీస్తే ముఖానికి తగిలే వెచ్చదనం…

ఆ వెచ్చదనంలో నిలబడి, అక్కడ పనిచేసే రూయిన్ ఒక వాక్యం చదువుతుంది. ఫోన్‌లో రికార్డు చేస్తుంది. వింటుంది.

అదే గొంతు.

పదకొండు నెలలుగా ఆడగొంతు సాధన చేస్తోంది. మొదటి నాలుగు నెలలూ గొంతు మెట్టు మెట్టుగా మారింది. తర్వాత ఏడు నెలలు — అక్కడే.

లాండ్రీకి వచ్చేవాళ్ళు ఆమె గౌను చూసి "అమ్మాయ్" అంటారు. ఆమె పలకగానే "బాబూ" అని దిద్దుకుంటారు.

దూరాన, యున్‌లిన్ జిల్లాలో ఒక పల్లెలో ఆమె అమ్మమ్మ ఉంది. చూపు పోయింది. మనుషుల్ని గొంతుతోనే పోల్చుకుంటుంది. మనవడని ఆవిడ పెంచిన ఈ పిల్ల మూడేళ్ళుగా ఫోన్ చెయ్యలేదు.

పాత గొంతుతో పలకలేకపోయింది. కొత్త గొంతు రాలేదు.

నెలనెలా ఎండు రొయ్యలు మాత్రం పంపిస్తుంది.

పిన్ని చేత అమ్మమ్మ కబురు పంపింది. "బతికున్నాడా వాడు? రొయ్యలు మాట్లాడవని చెప్పు."

బుధవారం మధ్యాహ్నం. నూడుల్స్ కొట్టు పైన, గొంతు పాఠాలు చెప్పే ఫాన్ టీచర్ గది. టీచర్ కళ్ళు మూసుకుని విన్నది. రూయిన్ చదువుతున్న కాగితం లాగేసుకుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్? రైలొస్తోందని చెప్పే స్టేషన్ మైకులా ఉన్నావ్."

"ఎంత చేసినా కదలట్లేదు, టీచర్."

"చిన్నప్పుడు నీకు మాటలెవరు నేర్పారు?"

"మా అమ్మమ్మ."

"అయితే ఆవిడలా నన్ను తిట్టు. ఆవిడ భాషలోనే."

రూయిన్ నవ్వింది. సిగ్గుపడింది. చివరికి, ఎన్నాళ్ళుగానో నోట పలకని ఊరి భాషలో —

"అన్నం చల్లారిపోతోంది! ఎక్కడే నీ పెత్తనాలు? గాలి మేసి బతుకుదామనా?"

మాట పెదవుల దగ్గరే మోగింది. తేలిగ్గా. గొంతులో బిగువు లేదు.

రూయిన్ మెడ మీద చెయ్యి వేసుకుంది. కళ్ళు నిండాయి.

టీచర్ మెచ్చుకోలేదు. "ఊఁ, మళ్ళీ తిట్టు," అంది.

ఏడు వారాలు తిట్టింది. జత తప్పిన మేజోళ్ళను తిట్టింది. ఆరని దుప్పట్లను తిట్టింది. కొన్నాళ్ళు గొంతు మళ్ళీ కిందికి జారిపోయేది… అయినా తిట్టింది. ఆ తేలిక తిట్లలోంచి మామూలు మాటల్లోకి కొంచెం కొంచెంగా దిగింది.

ఒక ఆదివారం ఉదయం ఫోన్ చేసింది.

"ఎవరూ?"

"నేనే, అమ్మమ్మా. తిన్నావా?"

అవతల కోళ్ళ అరుపు.

"మా చెల్లెలు పోయి ఇరవై ఏళ్ళయింది. అచ్చం దాని గొంతే… ఎవరి పిల్లవే నువ్వు?"

ఎన్ని వాక్యాలు చదివిందో ఇన్నాళ్ళూ. ఈ ప్రశ్నకు జవాబు ఏ కాగితం మీదా లేదు.

"నీ పిల్లనే."

అవతల ఊపిరి. బరువుగా… దగ్గరగా…

అమ్మమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఏదీ," అంది, "ఇంకో మాట మాట్లాడు."