గోళీ మేస్త్రమ్మ కట్టిన ర్యాంపు

ఇలా దగ్గరికి జరగండి, కాళ్ళు ముడుచుకు కూర్చోండి. ఒక ఏటవాలు నేల కథ చెబుతాను. నేలకీ కథ ఉంటుందా అనుకుంటున్నారేమో, విన్నాక అనుకుందురుగాని.

తాపీపని చేసే మేస్త్రమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ బొడ్లో ఎప్పుడూ ఒక ఆకుపచ్చ గాజు గోళీ ఉండేది. డాబా మీద సిమెంటు పూత ఆరగానే గోళీ వదిలేది. అది తూము వైపు దొర్లుకుంటూ పోయిందా, పని అయినట్టే. మధ్యలో ఆగిందా, అక్కడ మళ్ళీ తాపీ పట్టాల్సిందే. ఇరవై ఏళ్ళలో ఆవిడ పూసిన డాబా ఒక్కటీ కారలేదు. అందుకే అందరూ గోళీ మేస్త్రమ్మ అనేవారు.

చదువు మూడో తరగతి దాటలేదు గానీ మాటలంటే ఆవిడకి మహా ఆశ. ఎవరి నోట ఇంగ్లీషు ముక్క రాలినా ఏరి కొంగున ముడేసుకునేది. వాలుగా ఉన్నవాటికి ఆ భాషలో ఒక్కోదానికి ఒక్కో పేరుందని తెలిశాక మరీనూ. పెంకుల కప్పు వాలు ‘పిచ్’ అని వడ్రంగి చెప్పాడు. బల్ల అంచు గుచ్చుకోకుండా ఏటవాలుగా చెక్కితే అది ‘చాంఫర్’ అనీ ఆయనే చెప్పాడు. రోడ్డు నడుం కాస్త ఎత్తుగా పెట్టి, వాన నీళ్ళు రెండు పక్కలకీ జారేలా చేస్తే దాన్ని ‘కాంబర్’ అంటారని రోడ్డు రోలరు నడిపేవాడు చెప్పాడు.

“ఎన్ని పేర్లు పెట్టుకున్నారో చూడవే. మనం అన్నిటికీ వాటం అని ఊరుకుంటాం” అనేది చెల్లెలితో.

“మనకి చుట్టాల పేర్లెక్కువ, వాళ్ళకి వాలు పేర్లెక్కువ. ఎవరి గొడవ వాళ్ళది” అనేది చెల్లెలు.

ఆ చెల్లెలికి పసితనంలోనే జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీలోనే పెరిగింది, అందులోనే చదివింది. చివరికి లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. అయితే లైబ్రరీ గుమ్మానికి మూడు మెట్లు.

“దానిదేముందమ్మా, రోజూ ఇద్దరు మనుషులు ఎత్తి లోపల పెడతారు” అన్నాడు అక్కడి పెద్దాయన.

“నేనేమన్నా బీరువానాండీ? నా అంతట నేను లోపలికి వెళ్ళగలిగితేనే చేరతాను” అంది చెల్లెలు.

చేరాల్సింది ఒకటో తారీకున. ఇంకా ఇరవై ఐదు రోజులుంది. ర్యాంపు కట్టించే పని ఒక కుర్ర ఇంజినీరమ్మకి అప్పగించారు. ఆవిడ గోళీ మేస్త్రమ్మని పిలిచింది.

“స్లోప్, ర్యాంప్, గ్రేడియంట్. మూడూ ఒకటేనా అమ్మా?” అని మేస్త్రమ్మ మొదటిరోజే పట్టుకుంది.

“కాదు. స్లోప్ అంటే ఏ వాలుకైనా చెల్లుతుంది, కొండకైనా సరే. మనుషులో బళ్ళో ఎక్కడానికి మనం కట్టేది ర్యాంప్. అది ఎంత నిటారుగా ఉందో చెప్పే లెక్క గ్రేడియంట్. ఇక్కడ ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు.”

“అర్థమైంది. ర్యాంపు మనిషి, గ్రేడియంటు ఆ మనిషి కోపం. ఎంత తక్కువుంటే అంత మంచిది.”

ఇంజినీరమ్మ పుస్తకం మూసేసి నవ్వింది. “మా కాలేజీలో ఎవరూ ఇలా చెప్పలేదు.”

మెట్లు అడుగున్నర ఎత్తు. ర్యాంపు పద్ధెనిమిది అడుగులు తీశారు. తోటి పనివాళ్ళు ఇసుక మోస్తూ మేస్త్రమ్మ తాపీ వంకే చూసేవారు. ఆ చెయ్యి తిరిగితే సిమెంటు వెన్నలా పరుచుకునేది. ఎనిమిది రోజులు తడిపారు. ఇక చెల్లెలు వచ్చి ఎక్కి చూడాలి.

మేస్త్రమ్మ ముందుగా పైనుంచి గోళీ వదిలింది. అది వయ్యారంగా ఒక పక్కకి జరుగుతూ, అంచు గట్టు వారనే కిందికి దిగి, మూలనున్న తూము దగ్గర ఆగింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

చెల్లెలు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం వచ్చేసరికి కుర్చీ ఎడమ గట్టుకి ఒరుసుకుంది. వెనక్కి తగ్గి సరిచేసుకుంది. మళ్ళీ ఒరుసుకుంది.

“అక్కా, ఇది నన్ను పక్కకి లాగుతోంది.”

“అదేంటే, వాటం చక్కగా కుదిరింది. గోళీ చూశావుగా.”

“గోళీకి కుదిరింది. నాకు కుదర్లేదు.”

ఇంజినీరమ్మ మట్టపలక అడ్డంగా పెట్టి చూసింది. ర్యాంపు ముందుకే కాదు, ఎడమకీ వాలి ఉంది. “దీన్ని క్రాస్‌ఫాల్ అంటారు. నేను ఇంత ఇవ్వమనలేదే” అంది మెల్లగా.

ఎవరూ ఇవ్వమనలేదు. ఇరవై ఏళ్ళుగా డాబాలు పూసిన చెయ్యి, నీళ్ళకి దారి చూపకుండా ఏ నేలనీ వదల్లేని చెయ్యి, తనంతట తానే ఇచ్చేసింది. నీరు పల్లమెరుగు అంటారు. ఆ పల్లం ఎరిగిన చెయ్యి చక్రాన్ని ఎరగలేదు.

“అలవాటైపోతుందిలేమ్మా, ఈమాత్రానికి పగలగొడతామా” అన్నాడు పెద్దాయన.

మేస్త్రమ్మ వంగి చెల్లెలి ఎడమ అరచెయ్యి తిప్పి చూసింది. కుర్చీని దారిలో పెట్టడానికి నెట్టీ నెట్టీ ఎర్రగా కందిపోయింది. కుడి చెయ్యి మామూలుగానే ఉంది.

“రోజూ రెండుసార్లు. ఎన్నేళ్ళు అలవాటు చేసుకోవాలండీ?” అంది మేస్త్రమ్మ. సంచిలోంచి సుత్తీ ఉలీ తీసింది. ఆవిడ పనిని అంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ రోజు ఆవిడే మొదటి దెబ్బ వేసింది. పెద్దాయన పక్కకి తప్పుకున్నాడు. ఇంజినీరమ్మ చున్నీ నడుముకి బిగించి పెళ్ళలు ఎత్తిపోసింది.

రెండోసారి మేస్త్రమ్మ ప్రతి అడుగుకీ మట్టపలక అడ్డంగా పెట్టుకుంటూ పూసింది. చెయ్యి ఎడమకి ఒరగబోయినప్పుడల్లా “ఏయ్, నీళ్ళకి కాదు” అని దాన్ని కసిరేది. నీళ్ళు పొడవునా దిగిపోయేలా ర్యాంపు దిగే చోట అడ్డంగా సన్నని కాలువ తీసి, పైన జాలీ వేసింది. చక్రం జారకుండా, పచ్చి మీదే చీపురుతో అడ్డగీతలు గీసింది. అద్దంలాంటి నునుపు తేగల మనిషి తన పనిని తనే గరుకు చేస్తుంటే కూలీలు కళ్ళప్పగించి చూశారు.

ఒకటో తారీకు పొద్దున చెల్లెలు ర్యాంపు మొదట్లో కుర్చీ ఆపింది. అక్క పైనుంచి గోళీ వదిలింది. అది గీతల మీద టకటకమంటూ నడిమధ్యనే తిన్నగా దిగి, జాలీ దాటి, కుర్చీ చక్రానికి తగిలి ఆగింది. చెల్లెలు వంగి దాన్ని ఒళ్ళో వేసుకుంది. రెండు చేతులూ ఒకే తూగున కదిలాయి. గుమ్మం దాటేదాకా ఎక్కడా ఆగలేదు.

“అక్కా, గోళీ నా దగ్గరుంది. సాయంత్రం వచ్చి తీసుకో, ఇప్పుడు నాకు పనుంది” అని లోపల్నించి వినబడింది.

అదీ సంగతి. ఇది గుర్తుపెట్టుకుని మీ తర్వాతివాళ్ళకి చెప్పండి. చెప్పేటప్పుడు పిచ్చూ చాంఫరూ తారుమారైనా పరవాలేదు. ఆ ఎడమ అరచెయ్యి సంగతి మాత్రం వదిలిపెట్టకండి.