రెండో గుండీ

ఆ బుధవారం పొద్దున బిలాస్‌పూరు బజారులో మూట విప్పేసరికి ఎర్రయ్య చేతిలో ఉన్న సరుకు ఇది: కోట్లు తొమ్మిది, ఉన్ని బనీన్లు నాలుగు, దొరసానుల గౌన్లు ఆరు, పంట్లాములు పదకొండు, జత తప్పిన మేజోళ్ళు ఒక బుట్టెడు, గుండీల డబ్బా ఒకటి. ఇవి కంటికి కనబడేవి. కనబడని సరుకు మరొకటి ఉంది. అది అతని మాట. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ బజారులో అతను నిజానికి అమ్ముతున్నది దాన్నే. గుడ్డలు దాని మీద కొసరు.

గూడ్సు బండ్ల మీద కప్పే పాత టార్పాలిను పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. అరిగిపోయిన రైలు పట్టా ముక్కలు రెండు ఎప్పుడో అతనే అక్కడ పాతాడు. వాటి మధ్య సిగ్నలు తీగ బిగించి, కోట్లు ఒక్కొక్కటే దులిపి వేలాడదీశాడు. పొట్టి మనిషి, తీగ అందుకోవాలంటే మునివేళ్ళ మీద లేవాలి. ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా భుజం నించి చిటికెన వేలి దాకా లాగుతోంది. దీపావళి నించీ ఇంతే. బరువు మోసిన చెయ్యి కదా అని పని కుడిచేతికి మార్చాడు. కళ్ళద్దాలకి ఒక పక్క కాడ పోయి దారం మిగిలింది. ఒంటి మీద నల్ల కోటు. రైల్వే కాలనీలో తెలుగువాళ్ళుండే ఇళ్ళ వరసల్లో, తెలుగు లైన్లలో, ఆ కోటు లేకుండా ఎర్రయ్యని చూసినవాళ్ళు లేరు. దాని కాలరు రెండుసార్లు తిరగేసి కుట్టాడు. మోచేతులకి అతుకులు. చేతులు తనకి పొడుగైతే జానెడు లోపలికి మడిచి కుట్టుకున్నాడు.

పుష్యమాసపు చలి. ఇంజన్ల షెడ్డు పొగ మంచులో చిక్కుకుని పైకి పోలేక బజారు మీదే కూర్చుంది. అయినా జనం వచ్చారు. బుధవారం ఎర్రయ్య తీగ దగ్గరికి కొనడానికే రానక్కరలేదు. చెయ్యి పెట్టి చూడడం కూడా ఒక పనే.

కొత్త గుడ్డల కొట్లో తాను విప్పితే ఇటు కొసకీ అటు కొసకీ తేడా ఉండదు. ఈవాళ కాకపోతే రేపు కొనుక్కోవచ్చు. పాత గుడ్డ అలా కాదు. అది ఒక్కటే. చేతిలోంచి జారితే పక్కవాడి ఒంటి మీదికి పోతుంది. అందుకే జనం వంగి, కెలికి, కాలరు వాసన చూసి, అస్తరు మీద అరచెయ్యి రాసి, కుట్లు లాగి చూస్తారు. కలకత్తా దర్జీ కుట్టు దొరికితే దొంగసొమ్ము దొరికినంత మెల్లగా నవ్వుకుంటారు. జేబుల్లో చేతులు పెట్టి ఎప్పటిదో లవంగం మొగ్గో, చిరిగిన టిక్కెట్టు ముక్కో పట్టుకుని పైకి తీస్తారు. ఎర్రయ్య కావాలనే అలాంటివి జేబుల్లో వదిలేస్తాడు. డబ్బులూ ఉత్తరాలూ ఉంటే మాత్రం ముందే తీసి, ఇచ్చినవాళ్ళకి చేర్చేస్తాడు.

"ఒలే అచ్చియమ్మా, ఆ గౌను నువ్వేస్కుంటావేటే?" అని వెనకనించి ఎవరో అన్నారు.

"ఏస్కుంతాను. నీ మొగుడు సూస్తాడని భయమా?" అంది పోర్టరు భార్య అచ్చియమ్మ, గులాబీ పట్టు గౌను రెండు చేతులా పట్టుకుని. "కుచ్చిళ్ళిప్పితే మా పిల్లలిద్దరికీ రెండు పావడాలవుతాయి. ఓ ఎర్రయ్య మావా, బతికున్నోళ్ళదేనా ఇది?"

అదీ ప్రశ్న. ప్రతి కొనుగోలుదారూ అడిగేది. శ్రీకాకుళం, పలాస, బొబ్బిలి వైపు నించి వచ్చిన ఈ లైన్లలో పోయినవాళ్ళ గుడ్డ ఎవరూ కట్టరు. చాకలికి ఇచ్చేస్తారు, కాదంటే అర్పా నదిలో వదిలేస్తారు. నాలుగేళ్ళ కిందట తన భార్య పోయినప్పుడు ఎర్రయ్య కూడా ఆమె చీరలు మూడూ ఏటి ఒడ్డునే వదిలి వచ్చాడు. లైన్లన్నీ చూశాయి.

"దొరసానికి ఈడు ముదిరింది, గులాబీరంగు నప్పడం లేదని మొగుడన్నాడట. అలిగి అమ్మేసింది. బతికేవుంది, మొగుడే సగం సచ్చుంతాడు," అన్నాడు ఎర్రయ్య.

అందరూ నవ్వారు. అతను గౌను ఒళ్ళోకి తీసుకుని మెడ కిందనించి రెండో గుండీ కత్తిరించాడు. డబ్బాలోంచి వేరే గుండీ తీసి కుట్టి ఇచ్చాడు. అది అతని పద్ధతి. తీగ మీంచి ఏ గుడ్డ దిగినా రెండో గుండీ మారాల్సిందే. మనిషి చెయ్యి ఎక్కువగా తిరిగేది దాని మీదే, అది మారితే గుడ్డ మనిషిని మారినట్టే అని చెప్పేవాడు. ఎవరూ నేర్పింది కాదు. బేరానికి చివర ఒక ముడి ఉండాలని తనే పెట్టుకున్నాడు.

తీగ చివర వేలాడుతున్న నీలం కోటు అప్పటికే నలుగురి కళ్ళలో పడింది. ముదురు నీలం సెర్జి గుడ్డ, లోపల పట్టు అస్తరు, ఇత్తడి గుండీలు. మెయిలు బండి డ్రైవరు దొరది. నిన్న సాయంత్రం బంగళా ఆయా తెచ్చింది. దొర కొలువు మానేసి విలాయతు వెళ్ళిపోయాడని, పెట్టెలో పట్టక వదిలేశాడని చెప్పింది. ఎర్రయ్య రాత్రే రెండో గుండీ తీసేశాడు. దానికి తగిన ఇత్తడిది డబ్బాలో దొరక్క ఆ చోటు ఖాళీగా ఉంచాడు.

సూర్యం వచ్చేసరికి పొద్దు కాస్త ఎక్కింది. అదే లైన్లలో ఉండే మంగాయమ్మ కొడుకు. ఆరేళ్ళు షెడ్డులో ఇంజన్లు తుడిచాడు. గోళ్ళ చుట్టూ నలుపు ఇంకా పోలేదు. పొడుగ్గా, వెదురు గడలా ఉంటాడు. రేపటి నించి గతౌరా స్టేషన్లో నంబర్లు రాసే పని. వచ్చిన ప్రతి వ్యాగను నంబరూ పుస్తకంలో ఎక్కించాలి. మసిపని కాదు, రాతపని.

"మావా, యూనిఫారం మూణ్ణెల్లకి గానీ ఇవ్వర్ట. కోటు నేకుండా వొస్తే వొచ్చిన బండికే ఎనక్కి పంపేస్తానన్నాడు మాస్టరు. అక్కడ మాస్టరు బావమరిది కూకునున్నాడు నా సీటు కోసం. నల్లదైనా, నీలందైనా ఉండాలంట."

ఎర్రయ్య అతన్ని పైనించి కిందికి చూశాడు. కొలత టేపు అతనెప్పుడూ వాడలేదు. తీగ మీద నల్లవి రెండున్నాయి. మొదటిది తొడిగితే మణికట్లు నాలుగు వేళ్ళు బయటికి వచ్చాయి. రెండోది పార్సిలాఫీసు గుమాస్తాది; పొట్ట పెరిగి అమ్మేశాడు. అందులో సూర్యంలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు.

అప్పుడు సూర్యం చెయ్యి నీలం కోటు మీద పడింది.

తొడుక్కున్నాడు. భుజాలు భుజాల మీద కూర్చున్నాయి. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. ఎర్రయ్య రేకు చట్రపు అద్దం ఎత్తి పట్టుకున్నాడు. సూర్యం ముందుకు చూశాడు, పక్కకి తిరిగి చూశాడు, జేబులో చెయ్యి పెట్టి లేని పెన్సిలు బయటికి తీసి గాలిలో ఒక నంబరు రాశాడు. అంతసేపూ అతని మసిగోళ్ళు ఎవరికీ కనబడలేదు. ఈ వ్యాపారంలో ఎర్రయ్య అసలు లాభం ఇదే: మనిషి అద్దంలో తనని తను మొదటిసారి గుర్తుపట్టే ఆ రెండు నిమిషాలు.

"నాలుగు రూపాయలు," అన్నాడు.

"అమ్మ దగ్గిరున్నాయి. తీసుకొస్తాను. ఇంకోళ్ళకి ఇచ్చీకు మావా!" అని కోటు విప్పి, మడత పెట్టి, అతని చేతుల్లోనే పెట్టి పరిగెత్తాడు.

అతను అటు వెళ్ళగానే రైల్వే ఆస్పత్రిలో గాయాలకి కట్లు కట్టే గోవిందరావు ఇటు వచ్చాడు. బుధవారం డ్యూటీ దిగి ఎర్రయ్య పక్కన కూర్చుని చాయ్ తాగడం అతనికి అలవాటు. గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు.

"ఏటయ్యా, ఆ కోటు నీకెలా వచ్చింది?"

"ఆయా తెచ్చింది బాబూ. దొర విలాయతు ఎల్లిపోనాడంట."

"అచ్ఛా! విలాయతా?" గోవిందరావు గ్లాసు కింద పెట్టాడు. "ఆదివారం మధ్యాహ్నం నా కళ్ళముందే పోయాడు. నిమోనియా. ఈ కోటు మంచం కోడుకి వేలాడుతుంటే నేనే మడతపెట్టి ఆయాకిచ్చాను. జీతం రాలేదని ఏడిచింది పాపం."

ఎర్రయ్య ఒళ్ళో కోటు ఇంకా సూర్యం ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

"నేనెవరితోనూ అననులే," అన్నాడు గోవిందరావు. "కుర్రాడికి సరిపోయింది కదా. గుడ్డకేం తెలుస్తుంది?"

గుడ్డకి ఏమీ తెలియదని ఎర్రయ్య కన్నా బాగా ఎరిగినవాడు లేడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట అన్న అమ్మన్న షెడ్డులో ఖలాసీగా ఉంటూ జ్వరంతో పోయాడని కబురొస్తే, ఒంటిపంచెతో బిలాస్‌పూరులో దిగాడు. అప్పటికి దహనం అయిపోయింది. అన్న తాలూకు మిగిలింది ఒక నల్ల కోటు. దాన్ని ఏట్లో వదలాల్సింది. పుష్యమాసం, ఇదే చలి. ఒక్క రాత్రికని తొడుక్కున్నాడు. మర్నాడు ఏమీ కాలేదు. ఆ మర్నాడూ కాలేదు. అన్న పొడగరి కనక చేతులు మడిచి కుట్టుకున్నాడు. రెండో గుండీ మార్చలేదు. అప్పటికి ఆ పద్ధతి పుట్టలేదు. అలా అతని మొదటి పెట్టుబడి చచ్చిపోయినవాడి కోటు. ఆ సంగతి భార్యకి కూడా చెప్పలేదు.

కానీ జనం కొనేది గుడ్డని కాదు. దానితో పాటు రాత్రి నిద్రని కొంటారు. ఆ ప్రశ్నకి అతను చెప్పే జవాబు కోసమే రెండు మైళ్ళు నడిచి వస్తారు. ఒక్కసారి అబద్ధం కలిపితే ఇన్నేళ్ళలో తీగ దిగిన గుడ్డలన్నీ అనుమానం పడతాయి. ఎవరికి తెలుస్తుంది అన్న లెక్క సరైనదే. తనకి తెలుస్తుంది అన్నది ఆ లెక్కలో లేదు.

మంగాయమ్మ కొడుకు వెనకాలే వచ్చింది. ఇంటింటా పిండి దంచి బతికే మనిషి; రోకలి పట్టిన చేతులతో కోటుని పసిపిల్లాణ్ణి తాకినట్టు తాకింది. కొంగు ముడి విప్పుతూ, అడగాల్సింది అడిగింది.

"ఇది బతికున్నోడిదేనా, అన్నా?"

గోవిందరావు చాయ్ గ్లాసులోకి చూశాడు. సూర్యం నవ్వుతున్నాడు.

"కాదమ్మా," అన్నాడు ఎర్రయ్య. "నాకూ ఇప్పుడే తెలిసింది. ఆదివారం పోనాడు."

మంగాయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. సూర్యం నవ్వు ముఖం మీద ఎక్కడ ఉంచాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి మెల్లగా పోయింది. "పర్నేదు అమ్మా..." అన్నాడు. "నోర్ముయ్యి," అందామె, కళ్ళు తుడుచుకుంటూ. "మీ నాయన ఇంజన్ మీద కాలిపోనాడు. నీకు సచ్చినోడి గుడ్డ తొడిగి బండెక్కిస్తానేటి నేను? పోతే పోనీ ఆ సీటు."

యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు బజారు దాకా వచ్చింది.

ఎర్రయ్య లేచి నిలబడి తన కోటు విప్పాడు. కింద చొక్కా పలచగా, మనిషి ఇంకా పలచగా కనిపించాడు. కూర్చుని, కత్తెర మొనతో చేతుల మడత కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. మడతలోంచి జానెడు గుడ్డ బయటికి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎండ చూడని గుడ్డ, నిగనిగలాడే నలుపు. పై గుడ్డ వెలిసి బూడిద కలిసిన నలుపైంది. సూర్యం తొడుక్కున్నాడు. పొడుగు సరిగ్గా సరిపోయింది. రెండు చేతులకీ చివర నల్లటి పట్టీ వేసినట్టుంది.

"గార్డు బాబుల కోట్లకి ఉంటుంది చూడు, అలాగే ఉంది," అన్నాడు గోవిందరావు. ఎవరూ నవ్వలేదు గానీ సూర్యం నిటారుగా నిలబడ్డాడు.

"ఇదెవరిది అన్నా?" అంది మంగాయమ్మ, అలవాటు కొద్దీ.

"నాదే కదమ్మా. బతికున్నోడిదే. నేనే సాచ్చికం."

ఆమె నీళ్ళు నిండిన కళ్ళతో నవ్వేసింది. "మరి నీకో?"

"నా తీగ మీద ఇన్ని కోట్లుంటే నాకేటి కరువు? రెండు రూపాయలివ్వు. ఊరికే ఇస్తే గుడ్డకి విలువుండదు."

రెండో గుండీ కత్తిరించాడు. నల్లటి కొమ్ము గుండీ. అన్న చేతులూ తన చేతులూ తిరిగి తిరిగి మధ్యలో గుంట పడింది. దాని స్థానంలో డబ్బాలోంచి తీసిన కొత్తది కుట్టి, దారం పంటితో తెంపాడు. తల్లీకొడుకులు జనంలో కలిసిపోయేదాకా ఆ కోటుని వెనకనించి చూశాడు. ఇన్నేళ్ళూ దాన్ని వెనకనించి చూసే వీలు అతనికి కలగలేదు. బాగుంది.

మధ్యాహ్నం బజారు పలచబడింది. గోవిందరావు అన్నానికి వెళ్ళాడు. ఎండ ఉన్నా గాలి కోస్తోంది. ఎర్రయ్య పట్టా ముక్కకి వీపు ఆనించి, మోకాళ్ళ మీద ఏదో పెట్టుకుని చాలాసేపు కుట్టుకుంటూ కూర్చున్నాడని ఎదురు వరసలో ఉల్లిపాయలు అమ్మే మనిషి తర్వాత చెప్పాడు. ఆ తర్వాత పడుకున్నాడనుకున్నాడట.

గోవిందరావు తిరిగి వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. నీలం కోటు తొడుక్కుని ఉన్నాడు. చేతులు అతని వేళ్ళని దాటి కిందికి జారాయి. సూది జాగ్రత్తగా చొక్కా కాలరుకి గుచ్చి ఉంది. గోవిందరావు మణికట్టు పట్టుకుని చూశాడు. ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళు చేసిన మనిషి, ఎక్కువసేపు చూడనక్కరలేకపోయింది.

సాయంత్రానికి తెలుగు లైన్లన్నీ వచ్చాయి. "సచ్చినోడి కోటు తొడిగాడు, అందుకే," అని ఒకరన్నారు. మంగాయమ్మ వాళ్ళ మీద లేచింది. "ఆడికి దీపావళి నించీ చెయ్యి లాగతంది. నాకు సెప్పలేదేటి?" మరి కొడుకు వేసుకోబోయే కోటు ఇప్పుడు పోయినవాడిది కాదా అని ఇంకొకరు మెల్లగా అడిగారు. ఆమె అడిగినవాళ్ళ వైపు తిరిగింది.

"ఇచ్చినప్పుడు బతికే ఉన్నాడు," అంది. "నేనే సాచ్చికం."

తెల్లారి బండికి సూర్యం ఆ కోటుతోనే గతౌరా వెళ్ళాడు.

లెక్క చూస్తే ఎర్రయ్య జీవితం చిన్నదే. బిలాస్‌పూరుకి వచ్చినప్పుడు చేతిలో చచ్చిపోయినవాడి కోటు ఒకటి. పోయినప్పుడూ ఒకటి. మధ్యలో ఎన్ని ఒళ్ళు వెచ్చబడ్డాయో అదంతా మిగులు. ఉన్న సరుకుని గోవిందరావు లైన్లలోనే పంచాడు. బతికున్నవాళ్ళవేనా అని ఎవరూ అడగకుండానే తీసుకున్నారు. దహనానికి ముందు విప్పిన నీలం కోటుని మాత్రం ఏట్లో వదలడానికి గోవిందరావుకి మనసొప్పలేదు. అది మళ్ళీ తీగ మీదికే వచ్చింది. మరుసటి బుధవారం, ఆ పై బుధవారం, బజారుకి వచ్చినవాళ్ళు దాన్ని తాకకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు: ముదురు నీలం సెర్జి, నిలువునా మెరిసే ఇత్తడి గుండీలు, పైనించి రెండో చోట మాత్రం గట్టిగా కుట్టిన, మధ్యలో గుంట పడిన ఒక నల్లటి కొమ్ము గుండీ.