రెండు అంగుళాల ఎత్తు

ఆ ఎండాకాలమంతా లక్ష్మీరాజం తన పాత బొలెరోకి ఏ టైర్లు వేయించాలా అన్న ఆలోచనతోనే గడిపాడు.

బండి అతని చేతికొచ్చి తొమ్మిదేళ్ళు. అంతకుముందే ఒక నూలు వ్యాపారి దగ్గర నాలుగేళ్ళు తిరిగింది. సూరత్‌లోని లింబాయత్ తెలుగు గల్లీల్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసుకునేవాళ్ళలో అప్పటిదాకా మోటారు సైకిలు దాటి పైకి వెళ్ళినవాడు లేడు. ఇరవై నాలుగు సాంచాలున్న కార్ఖానాలో లక్ష్మీరాజం వాటిని బాగుచేసే మాస్టర్. సాంచా గొంతు కొంచెం మారితే చాలు, ఎక్కడ పట్టేసిందో దూరంనుంచే చెప్పేస్తాడు. బండిని కూడా అదే చెవితో చూసుకున్నాడు.

కిందటేడు వానల్లో ఖాడీ వాగు పొంగి నీళ్ళు గల్లీలోకి వచ్చినప్పుడు పక్కింటి దేవదాస్ కోడలికి నొప్పులు మొదలయ్యాయి. లక్ష్మీరాజం ఆమెను ఎక్కించుకుని బయలుదేరాడు. పర్వత్ పాటియా దగ్గర బానెట్ మీదికి అల ఒకటి కొట్టి ఇంజను ఆగిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు పదిమంది నీళ్ళలోకి దిగి నడుములోతు తడిసి తోస్తేగాని బండి ఆసుపత్రి రోడ్డెక్కలేదు. బిడ్డా తల్లీ క్షేమంగానే ఉన్నారు. కాని లక్ష్మీరాజం ఆ పూట మరిచిపోలేదు. బండి ఇంకో జానెడు కాకపోయినా రెండు అంగుళాలు పైకి లేస్తే ఆ నీళ్ళు దాటేదని అతని లెక్క.

ఈ మాట అతను మొదట చెప్పింది ఉమాకాంత్‌తోనే. ఉమాకాంత్ అతని భార్య ఊర్మిళకు తమ్ముడు. పదిహేడేళ్ళ వయసులో కరీంనగర్ నుంచి రైల్లో తన పక్కన కూర్చోబెట్టుకుని సూరత్ తెచ్చింది లక్ష్మీరాజమే. సాంచాల దుమ్ము వాడికి పడకపోతే గ్యారేజీలో పనికి కుదిర్చిందీ అతనే. ఇప్పుడు కామ్‌రేజ్‌లో హైవే పక్కన ఉమాకాంత్‌కి సొంత గ్యారేజీ ఉంది.

ఇంకొక మాట కూడా అతను ఉమాకాంత్‌కే చెప్పాడు. జనవరిలో ఉధ్నా రోడ్డు మీద పట్టపగలు బండి కుడిపక్క డివైడరుకి రాసుకుపోయింది. సొట్ట తీయించడానికి గ్యారేజీకి తీసుకెళ్ళినప్పుడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని చెప్పాడు.

"కుడి కన్ను జర మసకైతున్నదిరా. షుగర్‌తోని అంటున్నడు డాక్టర్. మీ అక్కకు చెప్పకు. ఉత్తగనే ఆగమైతది."

"నేనెందుకు చెప్త బావా," అన్నాడు ఉమాకాంత్.

ఫిబ్రవరి ఆఖరులో బండిని ఎత్తు పెంచడానికి గ్యారేజీలో వదిలాడు. తొందరేం లేదు, వానలకు ముందు అయితే చాలన్నాడు. అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం ఉమాకాంత్ లింబాయత్ రావడం, ఊర్మిళ చాయ్ పెట్టడం, బావా బామ్మర్దులు చాప మీద ఫోను పెట్టుకుని స్ప్రింగుల గురించీ టైర్ల గురించీ మాట్లాడుకోవడం అలవాటైంది.

ఎత్తు పెంచే కిట్టు మొత్తం కొత్తది వేయించాలంటే తన తాహతు కాదని లక్ష్మీరాజానికి తెలుసు. కాబట్టి తక్కువలో పని కానిచ్చే దారి వెతికాడు. ముందు స్ప్రింగుల మీద స్పేసర్ బిళ్ళలు పెట్టి, వెనక పట్టీల స్ప్రింగులో, అంటే కమాన్ కట్టలో, ఒక్కో పట్టీ ఎక్కువ వేస్తే రెండు అంగుళాలు లేస్తుంది. అయితే పాత షాకబ్జర్లు అలాగే ఉంచితే అవి సాగినంత సాగి గుంతపడ్డప్పుడల్లా దబ్బుమంటాయి. అందుకని స్పేసర్లతో మిగిలిన డబ్బు కొత్త షాకబ్జర్ల మీద పెట్టాలి. బ్రేకు పైపులు అందుతాయో లేదో చూసుకోవాలి. ఇదంతా పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసి ఊర్మిళకు కూడా వివరించాడు. ఆమె ఆ బొమ్మ వంక చూసి, "మంచిగున్నది," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టైర్ల దగ్గర వాదన పెద్దదైంది. నీళ్ళలో, బురదలో పోవాలంటే లోతైన గాడులున్న మడ్ టైర్లే కావాలని లక్ష్మీరాజం పట్టు. ఉమాకాంత్ ఒప్పుకోలేదు.

"బావా, నువ్వు బురదల తిరిగేది ఏడాదికి నాలుగు రోజులు. మిగిలిన దినాలు డాంబర్ రోడ్డే గదా. మడ్ టైర్లు గీ రోడ్డు మీద గోల పెడ్తయి, తొందరగ అరుగుతయి, డీజిల్ తాగుతయి. రెండిటికి నడిచేటియి తీసుకో."

"సైజు?"

"ఇప్పుడున్నయి రెండొందల పదిహేను. రెండొందల ముప్పై ఐదు ఏస్తే ఇంకో అరంగుళం మీదికి లేస్తది. దానికన్న పెద్దగైతే స్టీరింగ్ తిప్పినప్పుడు మడ్‌గార్డుకు తాకుతది."

మూడు ఆదివారాలు ఆ వాదన నడిచింది. చివరికి లక్ష్మీరాజమే దిగి వచ్చాడు. వాడికి తనకన్నా ఎక్కువ తెలుసని ఒప్పుకోవడంలో అతనికి ఒక రకమైన గర్వం కూడా కలిగింది. తను రైల్లో పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చిన పిల్లవాడు!

అంతకుముందే, బండి వదిలిన కొత్తల్లో, ఒకసారి ఉమాకాంత్ కొన్ని కాగితాలు తెచ్చాడు. ఇన్సూరెన్సు రెన్యువల్ అన్నాడు. అక్షరాలు సన్నగా ఉన్నాయి. లక్ష్మీరాజం వాడు వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశాడు. అదే వారం ఫోనులో ఏదో నంబరు వస్తే కూతురు రుచిత, "ఇన్సూరెన్సుదే బాపూ, నేను మామకు చెప్త," అని ఫోను అందుకుంది. రుచిత టెక్స్‌టైల్ మార్కెట్‌లో చీరల ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తుంది. అలాంటి పనులన్నీ ఇంట్లో ఆమెవే.

గ్యారేజీకి వెళ్ళి చూద్దామని అతను రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఏదో అడ్డొచ్చింది. ఒకసారి రాజ్‌కోట్ నుంచి స్పేసర్లు రాలేదన్నాడు ఉమాకాంత్. ఇంకోసారి, "నువ్వు రెండు బస్సులు మారుడెందుకు బావా, నేనే ఫోటోలు పంపుత," అన్నాడు. గ్యారేజీ వెనక గోడౌనులో తీసిన ఫోటోలు వచ్చేవి. జాకీల మీద లేచిన బండి, విప్పిన చక్రం, గ్రీజు కారుతున్న కమాన్ కట్ట. భోజనాల వేళ లక్ష్మీరాజం వాటిని తోటి మాస్టర్లకు చూపించేవాడు.

జూన్ మొదటివారంలో ఉధ్నా రోడ్డు మీది టైర్ల దుకాణంలో అతను కోరుకున్న సైజు, కోరుకున్న రకం నాలుగు టైర్లు బేరానికి దొరికాయి. కొత్త టైరు పేరుతో ఏళ్ళ తరబడి గోడౌన్లో ఎండిపోయినవి అంటగడతారని ఉమాకాంతే చెప్పాడు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. లక్ష్మీరాజం ఎడమ కన్ను టైరుకి ఆనించినంత దగ్గరగా పెట్టి నాలుగింటి మీదా అంకెలు చదివాడు. తయారై ఆరు నెలలు కూడా కాలేదు. అక్కడికక్కడే కొనేశాడు. బామ్మర్దిని ఆశ్చర్యపరచాలని ఎవరికీ చెప్పకుండా, ఛోటా హాథీ ట్రాలీలో వేయించుకుని డ్రైవరు పక్కన కూర్చుని కామ్‌రేజ్ వెళ్ళాడు.

గ్యారేజీలో ఉమాకాంత్ లేడు. బీహారు మెకానిక్ ఒకడు లారీ కింద నుంచి బయటికొచ్చి టైర్లు దింపడానికి చెయ్యి వేశాడు.

"కిస్ గాడీ కా హై, చాచా?"

"మేరీ బొలెరో కా. తెల్లది. పీఛే గోడౌన్ మే హై నా."

మెకానిక్ చేతులు ఆగిపోయాయి. "వో బొలెరో? వో తో హోలీ కే టైమ్ పే బిక్ గయీ, చాచా. బార్డోలీ కా ఏక్ సేఠ్ లే గయా."

వాడు వేరే బండి సంగతి చెప్తున్నాడనుకున్నాడు లక్ష్మీరాజం. నంబరు చెప్పాడు. మెకానిక్ తల ఊపాడు. అదే బండి. హోలీకి అమ్ముడైపోయింది. అంటే మడ్ టైర్లు వద్దని ఉమాకాంత్ వాదించేనాటికే బండి బార్డోలిలో ఎవరి వాకిట్లోనో ఉంది.

లక్ష్మీరాజం వెనక గోడౌనులోకి వెళ్ళాడు. ఒక మూల ఖాళీ డ్రమ్ములు, ఇంకో మూల విరిగిన బంపర్లు. ఆ గోడ, ఆ కిటికీ, నేల మీది ఆ నూనె మరక అన్నీ ఫోటోల్లో చూసినవే. ఆ ఫోటోల్లో జాకీల మీద లేచింది ఎవరి బండో, తన బండి మాత్రం లేదు. మెకానిక్ తెచ్చిచ్చిన నీళ్ళు తాగకుండానే అతను ఊర్మిళకు ఫోను చేశాడు.

"బండి అమ్మిన్రా?" అని అడిగాడు.

"నీకెవలు చెప్పిన్రు?" అంది ఊర్మిళ. వెనక కుక్కరు కూత పెట్టింది. అతను ఫోను పెట్టేశాడు.

అరగంటకు ఉమాకాంత్ వచ్చాడు. వాకిట్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు కొత్త టైర్లను చూడగానే వాడు గబగబా దగ్గరికొచ్చాడు.

"బావా, లోపలికి రా. కూసొని మాట్లాడుకుందాం."

"ఎవరు అమ్మమన్నరు?"

"అక్క ఏడ్చింది బావా. నీ కన్ను సంగతి చెప్పిన. చెప్పక ఎట్లుంటా? రేపు ఎవలనన్న గుద్దితే? నువ్వు పోతే? బండి ఇంటికి రావద్దని అక్క ఒట్టేయించుకున్నది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్దామనే ప్రతి ఐతారం వచ్చేటోణ్ణి. వచ్చేసరికి నువ్వు ఫోన్ పట్టుకొని సంబురంగ కూసునేటోనివి. గా మొహం చూసి ఎట్ల చెప్పాలె?"

లక్ష్మీరాజం ఇరవై ఎనిమిదేళ్ళలో వాడి మీద చెయ్యి ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. కాని గ్యారేజీ అంతా వినబడేలా అరిచాడు.

"'కన్ను పోయిందిరా ముసలోడా, ఇగ బండి ముట్టకు' అనరాదు? నలుగురిల తాళంచెవి గుంజుకోరాదు? కొట్లాడుదుంటి, తిడ్దుంటి, రెండు దినాలకు ఊకుందుంటి. నువ్వు నాతోని టైర్లు ఏరించినవ్ గదరా! మడ్ టైర్లు వద్దని మూడు ఐతారాలు కొట్లాడినవ్. లేని బండికి కొట్లాడినవ్. నేను ఓడిపోయి సంబురపడ్డ!"

లారీ కింద పని ఆగిపోయింది. మెకానిక్ తల దించుకుని పానాలు సర్దుతున్నాడు. ఉమాకాంత్ ఒక టైరు మీద చెయ్యి వేశాడు.

"దాన్ని ముట్టకు," అన్నాడు లక్ష్మీరాజం.

ఛోటా హాథీని మళ్ళీ పిలిపించుకుని టైర్లన్నీ ఎక్కించి ఇంటికి తెచ్చాడు. దారిలో ఆగి అడిగితే దుకాణంవాడు వాపసు తీసుకోనన్నాడు. మెట్ల పక్కనున్న ఇరుకు నడవలో వాటిని పేర్చాడు.

ఇంట్లో ఊర్మిళ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. రుచిత మార్కెట్ నుంచి ముందే వచ్చేసింది.

"నువ్వు సంతకం పెట్టినయి బండి అమ్మే కాగితాలే. దాని ఓటీపీ నేనే చెప్పిన బాపూ," అంది రుచిత. "మమ్మీ చెప్పమన్నది. నాకు తప్పనిపించింది, ఫిర్ భీ చెప్పిన."

అతను కూతురి వంక చూడలేదు. భార్యను అడిగాడు. "నేను బొమ్మ గీసి చూపిచ్చిన నాడు, బండి ఉన్నదా, పోయిందా?"

"పోయింది."

"మంచిగున్నదంటివి."

కళ్ళల్లో నీళ్ళొచ్చినా ఊర్మిళ తుడుచుకోలేదు. "ముప్పై ఏండ్లు నీతోని కాపురం చేసిన. కన్ను కనబడ్తలేదని నాకు చెప్పినవా? నా తమ్మునికి చెప్పినవ్. నేను వాని నోట వినాలె. నన్ను మోసం చేసింది ఎవలు ముందు?"

ఆమె చెప్పింది నిజమే. బండి అమ్మడం కూడా సరైన పనే కావచ్చు, ఆ సంగతి అతనికి ఎక్కడో తెలుసు. కాని మూడు నెలలపాటు ముగ్గురూ కూర్చుని తన మాటలు వింటూ, చాయ్ పోస్తూ, తల ఊపుతూ గడిపారు. పసిపిల్లవాడి చేతిలో చెక్క గుర్రం పెట్టి స్వారీ చెయ్యమన్నట్టు. తను తిన్న ప్రతి ఆదివారపు భోజనం మళ్ళీ మళ్ళీ గుర్తుకొచ్చింది. ఎక్కడెక్కడ వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటారో వెతుక్కున్నాడు.

ఊర్మిళ కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే వెళ్ళాడు. సూదులు వేశారు. ఉన్న చూపు నిలబడుతుందిగాని పోయింది రాదన్నారు. ఆమెతో కూర, మందులు, కరెంటు బిల్లు వరకు మాట్లాడుతున్నాడు. ఆదివారాలు మాత్రం ఉమాకాంత్ వచ్చే వేళకు చొక్కా తగిలించుకుని కార్ఖానాకు పోతాడు. ఆగి ఉన్న సాంచాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. జులైలో ఖాడీ నీళ్ళు వచ్చాయి. మున్సిపాలిటీ పడవ గల్లీలో తిరిగింది. అతను పైనుంచి చూశాడు.

ఆగస్టులో సూరత్ శివారు ఇచ్ఛాపూర్ నుంచి శివకృష్ణ అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ముప్పై దాటని మనిషి. టైర్లున్నాయని దేవదాస్ చెప్పాడట.

"కాకా, నాదీ పాత బొలెరోనే. మా ఫ్యాక్టరీ రోడ్డంతా గుంతలు. జర లేపుదామనుకుంటున్న. ఎక్కువ పెట్టలేను. గివి సరిపోతయా?"

లక్ష్మీరాజం అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"బండి ఏది?"

"కింద ఉన్నది కాకా."

"నిజంగనే ఉన్నదా?"

శివకృష్ణకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఉన్నది కాకా, దాంట్లనే వచ్చిన."

"ముందు బండి చూపియ్. అయినంక మాట్లాడుదాం."

ఇద్దరూ మెట్లు దిగారు. గల్లీ మొదట్లో బూడిద రంగు బొలెరో ఒకటి ఎడమ చక్రాలు కాలువ గట్టు మీదికి ఎక్కించి నిలబెట్టి ఉంది. లక్ష్మీరాజం దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. నంబరు ప్లేటు మీది అంకెలు పైకే చదివాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. అప్పుడే ఆగిన ఇంజను, ఇంకా వేడిగా ఉంది.

అప్పుడు పంచె పైకి మడిచి కట్టుకుని వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. తల వంచి, ఎడమ కంటితో కమాన్ కట్టలోకి చూశాడు.

"ఒక పట్టీ ఇరిగి ఉన్నది," అన్నాడు. "ఎవడు చూడలేదా? దీన్ని మార్చకుండ లేపితే లాభం లేదు. జాకీ తీయ్."

శివకృష్ణ జాకీ కోసం వెనక తలుపు తెరిచాడు.