దూలం మీది ఏడు మచ్చలు

ఏటా ఊరివాళ్లు ఇల్లు చూడడానికి వచ్చే జూన్ ఆదివారానికి ముందు, పొయ్యి మీది ఓక్ దూలం తుడవడం థెల్మా పని. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో నాలుగొందల ఏళ్లుగా నిలబడ్డ ఇల్లది. అంతా చెక్క చట్రం. చట్రం ఖాళీల్లో అల్లిన కర్రలు, వాటి మీద మెత్తిన మట్టి, పైన సున్నం. ఏటా ఆ సున్నం కొట్టేది థెల్మానే. వచ్చినవాళ్లకి ఇంటి కథ చెప్పేది మాత్రం ఆమె భర్త క్లైవ్. అప్పుడామె టీ పోస్తుంటుంది.

దూలం మీద వేలెడేసి నల్లటి మచ్చలు ఏడున్నాయి. క్లైవ్ ప్రతిసారీ అక్కడ ఆగుతాడు. "ఇదంతా ఆ కాలపు ఇల్లాళ్ల పరధ్యానం. దీపం ఆనించి కునుకు తీసేవాళ్లు. మా ఆవిడా అంతే, కెటిల్ మాడ్చేసింది." అందరూ నవ్వుతారు. థెల్మా కూడా నవ్వేది. మేడ మీద మంచం పట్టిన అత్తగారికి పక్క మార్చడానికి వెళ్లినప్పుడు మాడిన కెటిల్ అది. ఆ సంగతి క్లైవ్ ఎవరికీ చెప్పడు. అత్తగారు బతికుండగా ఆవిడా చెప్పలేదు. "కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చెయ్యమ్మా" అని మాత్రం అంది.

ఈసారి తుడుస్తుంటే థెల్మా వేలు ఒక మచ్చలోకి దిగింది. ఇంత లోతా? కునుకు తీస్తే మంట ఒక్కచోటే ఇంతలా తింటుందా? అదీ ఏడుసార్లు? గుడ్డ పక్కన పడేసి, కొట్టంలో పడున్న పాత ఓక్ ముక్కా, ఒక సన్న కొవ్వొత్తీ తీసుకుని కూర్చుంది. నిలువుగా ఆనిస్తే ఉత్త మసి, తుడిస్తే పోయింది. వంచి పట్టుకుంటేనే మంట చెక్కని కొరికింది. పైన బొగ్గు కట్టగానే ఆగిపోయింది. బొగ్గుని కత్తితో గీకి మళ్లీ పట్టుకోవాల్సి వచ్చింది. పావుగంటకి చెయ్యి మొద్దుబారింది. చెక్క మీద మాత్రం అచ్చం అదే మచ్చ.

అంటే ఎవరో కావాలనే పెట్టారు. ఇల్లు అంటుకోకుండా ముందే కాస్త నిప్పు చూపించారేమో, పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు. ఇన్నేళ్లు ఆ మచ్చలు పెట్టిన మనిషిని తలుచుకుని నవ్వినందుకు థెల్మాకి సిగ్గేసింది. ఇంకా ఏమేం అడగకుండా వదిలేశానో అని ఇల్లంతా కొత్తగా చూసింది.

శనివారం భోజనాల దగ్గర చెప్తే క్లైవ్ తలెత్తలేదు. "పని లేకపోతే ఇలాంటివే తోస్తాయి. రేపు నా మాటలకి అడ్డు రాకు. జనం ఆ జోకు కోసమే వస్తారు."

ఆదివారం ఇరవైమంది దాకా వచ్చారు. "ఇదంతా ఆ కాలపు ఇల్లాళ్ల..." అని క్లైవ్ మొదలుపెట్టగానే థెల్మా టీ ట్రే కింద పెట్టింది. ఓక్ ముక్కా, వెలిగించిన కొవ్వొత్తీ అతని చేతుల్లో పెట్టింది.

"వంచి పట్టుకో. అంతే, కదపకు."

అతను నవ్వుతూనే పట్టుకున్నాడు. నాలుగు నిమిషాలకి మణికట్టు వణికింది.

"ఎంతసేపు పట్టుకోవాలండీ?" అని ముందు వరసలోని ముసలావిడ అడిగింది.

"పావుగంట. నేను పట్టుకుని చూశాను" అని థెల్మా దూలం వైపు తిరిగి, మొదటి మచ్చ నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. అందరూ దగ్గరికి జరిగారు.

"థెల్మా, టీ చల్లారిపోతోంది" అన్నాడు క్లైవ్ వెనక నుంచి.

ఆమె వెనక్కి చూడలేదు. "ఇంకా పదకొండు నిమిషాలున్నాయి క్లైవ్. పరధ్యానంగా ఉండకు."