గీతలో మెట్టు

దేశాల ఉమ్మడి లెక్కల ఆఫీసు నుంచి వచ్చినావిడ సోమవారం పొద్దున మా టీ గది గోడకు రెండు కాగితాలు అంటించింది. ఒక్కోటి దుప్పటంత ఉంది. ఒక్కోదాని మీద ఇరవై మూడు రంగుల గీతలు, దేశానికొక గీత.

మా దేశం చిన్నది. బొగ్గు కాల్చి కరెంటు తీసే స్టేషను దేశం మొత్తానికి మాదొక్కటే. కాబట్టి ఆ కాగితాల మీద దేశం పేరుతో ఉన్న గీత నిజానికి మా బాయిలర్ల గీత. ఇంకా చెప్పాలంటే నా గీత. బాయిలరులోకి పోయే ప్రతి బొగ్గు ముక్కా నేను చూసుకునే బెల్టు కాటా మీదుగానే పోతుంది. ఇరవై రెండేళ్లుగా పూటపూటకూ ఆ అంకె రాసి సంతకం పెట్టేది నేనే.

మొదటి కాగితం మనిషికి ఏడాదికి ఎంత కరెంటు వాడుతున్నారో చెబుతుంది. అందులో మా గీత అన్నిటికీ అడుగున, నేల మీద పాకుతోంది. రెండోది ఒక యూనిట్ బొగ్గు కరెంటుకి ఎంత కర్బనం గాలిలో కలుస్తోందో చెబుతుంది. అందులో మాది అన్నిటికీ పైన.

"తినడంలో ఆఖరు, త్రేన్చడంలో మొదలు" అన్నాడు బావ.

బావంటే మా అక్క మొగుడు, బాయిలరు ఫోర్‌మన్. గదిలో అందరూ నవ్వారు. ఆవిడా కొంచెం నవ్వింది. నవ్వులు ఆగాక అసలు సంగతి చెప్పింది. ఇరవై మూడు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయట. రెండో కాగితంలో ఎవరి గీత అందరికంటే పైనుంటే వాళ్లు ఏడాది తిరిగేలోపు బొగ్గు కరెంటు ఆపేయాలి. బదులుగా పొరుగు దేశాల నుంచి తీగల మీద కరెంటు వస్తుంది. అంకెలు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తారు. ఆ తర్వాత మార్చడానికి లేదు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. క్వార్టర్లలో నాలుగు వందల ఇళ్లున్నాయి. అందరివీ ఈ పొగగొట్టం కింద బతుకులే.

"అందరి గీతలూ ఏటేటా దిగుతున్నాయి. మీదీ దిగుతూనే వచ్చింది. కానీ ఇక్కడ చూడండి" అంటూ ఆవిడ పెన్సిలు మొన ఒక చోట ఆనించింది.

పదకొండేళ్ల కిందట మా గీత ఉన్నట్టుండి పైకి లేచింది, మెట్టెక్కినట్టు. అక్కణ్ణుంచి మళ్లీ దిగుతోంది గానీ ఆ మెట్టు ఎత్తు మాత్రం అలాగే మిగిలిపోయింది.

"ఆ ఏడు ఏం జరిగింది? బాయిలరు మార్చారా? గని మారిందా?"

పెద్ద ఇంజనీరు బావ వైపు చూశాడు. బావ పైకప్పు వైపు చూశాడు. "ఏమీ మారలేదు మేడమ్" అన్నాడు.

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ ఏడు నాకు బాగా గుర్తు. అక్క ఆసుపత్రిలో ఉన్న ఏడు.

బొగ్గు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడే చోట దుమ్ము లేస్తుంది. ఆ చోటికి నలభై అడుగుల దూరంలో అక్క వాళ్ల వంటింటి కిటికీ. ఆ ఎండాకాలం అక్క ఊపిరాడక పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంది. దుమ్ము అణగడానికి బొగ్గు మీద నీళ్లు చిమ్మే గొట్టం ఒకటి ఉండేది గానీ, అది కాటా దాటాక ఎక్కడో ఉండేది. దుమ్ము లేచేది ఇక్కడ, నీళ్లు పడేది అక్కడ. ఒక ఆదివారం నేనూ బావా ఆ గొట్టం కోసి, ముప్పై అడుగులు వెనక్కి తెచ్చి, దుమ్ము లేచే చోటే బిగించాం. పానా పట్టింది బావ. ఎవరినీ అడగలేదు, ఏ పుస్తకంలోనూ రాయలేదు. అక్క ఇంటికొచ్చి కిటికీ తీసి, గూట్లో వేలు రాసి చూసుకుని, వేలికి ఏమీ అంటలేదని రెండోసారి రాసి చూసుకుంది.

మేం చూసుకోనిది ఒక్కటే. ఆ ముప్పై అడుగుల మధ్యలో కాటా ఉంది.

అప్పటిదాకా బొగ్గు తూగి, ఆ తర్వాత తడిసేది. ఆ ఆదివారం నుంచి తడిసి, ఆ తర్వాత తూగింది. బొగ్గులో తడెంతో చూసే ల్యాబు వాళ్లు వ్యాగన్ల దగ్గరే బుట్టెడు ముక్కలు ఎత్తుకుపోతారు. వాళ్ల కాగితంలో మా నీళ్లు లేవు. నా కాగితంలో నీళ్లు కూడా బొగ్గే. లేని బొగ్గుకి పొగ లెక్కకట్టి దేశాల ముందు పెట్టారు. ఆ లెక్క కింద నా సంతకం ఉంది.

ఆ రోజంతా కాటా ముల్లు వైపు చూడలేకపోయాను. చూడకుండా పని లేదు. ముల్లు కదిలిన ప్రతిసారీ ఇందులో నీళ్లెన్ని, బొగ్గెంత అని లెక్క వేసుకున్నాను.

మంగళవారం బావకి చెప్పాను. బాయిలరు గవాక్షం దగ్గర నల్లద్దం పెట్టుకుని మంట చూస్తున్నాడు. నేను చెప్పడం అయ్యేదాకా అద్దం దించలేదు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"చెబితే స్టేషను నిలబడుతుందేమో బావా."

"నిలబడదు. ముందు నువ్వు పోతావు, నీ వెనక నేను పోతాను, మనిద్దరి వెనక స్టేషనూ పోతుంది. సోమవారం మూస్తామన్నారు. మంగళవారం కాటా మనిషి లేచి, పదకొండేళ్లుగా నేను నీళ్లు తూచానండీ అన్నాడు. ఎవడు నమ్ముతాడు? మూసేస్తారని కథ అల్లాడంటారు."

"కథ కాదు కదా."

"కాదు. పానా పట్టింది నేనే. అయినా నువ్వు చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు." అద్దం దించి నా మొహంలోకి చూశాడు. "నువ్వు నోరు తెరిచేదే ఏడాదికి రెండుసార్లు బామ్మర్దీ. ఈ ఏడు కోటా ఇలా తగలేయకు."

అతను భయపడితే ఇంకా ఎక్కువ హాస్యమాడతాడని నాకు తెలుసు. ఆ రోజు సాయంత్రం దాకా హాస్యమాడుతూనే ఉన్నాడు.

బుధవారం అక్క తినడానికి పిలిచింది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మీ బావా ఇంతే. రెండు రోజులుగా కంచంతో మాట్లాడుతున్నాడు" అంది. "ఏం దాస్తున్నార్రా ఇద్దరూ?"

చెప్పాను. అక్క గరిటె పక్కన పెట్టి కిటికీలోంచి యార్డు వైపు చూసింది. బొగ్గు కుప్ప వంటింట్లోంచి నిండుగా కనబడుతుంది.

"మనింట్లో ఒక ఫ్యానూ రెండు దీపాలూ. లోకంలో పొగంతా మనదేనంటారా?"

"మనిషి వాడకం వేరు లెక్క అక్కా. ఇది యూనిట్‌కి ఎంత పొగ అని."

"ఏ లెక్కయినా సరే." కొంగుతో కిటికీ చువ్వ తుడిచింది. దుమ్ము లేకపోయినా తుడుస్తుంది, ఆ అలవాటు పోలేదు. "గొట్టం నా కోసం మార్చారు. బానే ఉంది. ఇప్పుడు మాట కూడా నా కోసమే దాస్తారా? నా ఊపిరి పేరు చెప్పి నాలుగు వందల ఇళ్లు ఖాళీ చేయించకండి."

"నమ్మరంటున్నాడు బావ."

"నమ్మకపోతే ఆ కుప్పని అడగమను. ఏటా కుప్ప కొలిచేవాళ్లు వస్తారు. పుస్తకంలో ఉన్నదానికంటే నేల మీద ఎక్కువుందని ఏటా తల గోక్కుంటారు. నేనిక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నాను. మీ బావేమో అక్షయపాత్ర అని నవ్వుతాడు."

నేను లేచి నిలబడ్డాను. కాటా ఎక్కువ చెబుతుంటే కాల్చామనుకున్నంత బొగ్గు కాలదు. కాలనిది కుప్పలోనే మిగులుతుంది. పదకొండేళ్లుగా ఆ కుప్ప నా అబద్ధాన్ని అందరి కళ్లెదుటా పెట్టుకుని కూర్చుంది. మేం దాన్ని చూసి అదృష్టమనుకున్నాం.

"కూర్చుని తిని పో" అంది అక్క. తినలేకపోయాను.

గురువారం పొద్దున్నే లెక్కల ఆవిడ దగ్గరికి పోయాను. పెద్ద ఇంజనీరు గదిలో ఒక మూల బల్ల వేసుకుని కూర్చుంది. నేను చెబుతుంటే కలం మూత తీస్తూ పెడుతూ వింది.

"రేపు అంకెలు మూస్తామనగా ఈరోజు గుర్తొచ్చిందా?"

"సోమవారమే గుర్తొచ్చింది మేడమ్. చెప్పడానికి భయమేసింది."

"మీకు తెలుసా, నేను పోయిన ప్రతి దేశంలోనూ ఇలాంటిదొకటి చెబుతారు. చివరి రోజున అందరికీ ఏదో ఒకటి గుర్తొస్తుంది."

ఇంజనీరు మొహం ఎర్రబడింది. "గొట్టం మార్చారా? ఎవర్నడిగి?" అని నా మీదికి లేచాడు. నేను కుప్ప సర్వే పుస్తకాలు ముందు పెట్టాను. ఆవిడ పదకొండు పుస్తకాలూ వరసగా తిరగేసింది. ఒక్కో ఏడు మిగులు ఎంతో, ఆ ఏడు కాటా చూపింది ఎంతో పక్కపక్కన రాసుకుంది. నూటికి అయిదు. ఒక ఏడు కొంచెం ఎక్కువ, ఒక ఏడు కొంచెం తక్కువ. అంతకు ముందు ఏళ్ల పుస్తకాలూ తెప్పించుకుంది. వాటిలో మిగులు లేదు.

కలం మూత పెట్టేసింది. "ఇది చాలదు. కొలిచే మనిషి టేపు తప్పు పట్టుకున్నా ఇలాగే వస్తుంది. బొగ్గు తూచి చూపించండి."

"తడిది ఎత్తి, ఆరబెట్టి తూస్తాను."

"బొగ్గులో పుట్టుకతో వచ్చిన తడి ఉంటుంది కదా. అది పోతే?"

"అందుకే రెండు కుప్పలు మేడమ్. గొట్టానికి ముందొకటి, తర్వాతొకటి. రెండూ ఆరబెడదాం. రెంటికీ తేడా ఎంతో అదే మా గొట్టం నీళ్లు."

ఆవిడ అప్పుడు మొదటిసారి నా వైపు సరిగ్గా చూసింది.

బెల్టు ఆపాలంటే ఫోర్‌మన్ ఒప్పుకోవాలి. మేం కిందికి దిగేసరికి బెల్టు ఆగే ఉంది. బావ ఇనప రేకులు రెండు భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"పానా పట్టినవాణ్ణి నేనే మేడమ్" అన్నాడు ఆవిడతో. "తప్పు రాసేటప్పుడు మా ఇద్దరి పేర్లూ రాయండి. ఇతని పేరొక్కటే రాస్తే ఇంట్లో నాకు తిండి పెట్టరు."

గొట్టానికి ముందు నూరు కిలోలు, తర్వాత నూరు కిలోలు ఎత్తాం. బాయిలరు గదిలో రేకుల మీద పల్చగా పరిచాం. ఆవిడ రెండు రేకుల మీదా సుద్దతో సంతకం పెట్టింది. ఎవరూ ముట్టుకోకుండా తలుపుకి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుంది.

శుక్రవారం తొమ్మిదింటికి తాళం తీసింది. మొదటి రేకు తూచాం. తొంభై నాలుగు. ఆరు కిలోల తడి పోయింది. అది గని నుంచి తెచ్చుకున్న తడి. రెండో రేకు మీది బొగ్గు ఎత్తమని బావకి సైగ చేశాను. బావ ఎత్తాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది.

ఎనభై తొమ్మిది.

"తేడా అయిదు" అన్నాడు బావ. కుప్ప పుస్తకాలు చెప్పిన అయిదే.

ఇంజనీరు వెంటనే గొట్టం తీసి పాత చోటే బిగించమన్నాడు. "వద్దండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "గొట్టం అక్కడే ఉండనివ్వండి. ల్యాబు వాళ్లని ముక్కలు వ్యాగన్ దగ్గర కాకుండా కాటా దాటాక ఎత్తుకోమనండి. అప్పుడు నీళ్లు వాళ్ల లెక్కలోకే వస్తాయి." ఇంజనీరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

టీ గదికి పోయి ఆవిడ రెండో కాగితం మీద మా గీత మళ్లీ గీసింది. పదకొండేళ్ల కిందటి మెట్టు పోయింది. గీత నునుపుగా జారుకుంటూ పైనుంచి మూడోదాని కిందికి దిగింది. నూటికి అయిదు తప్పిన పాపానికి అంత ఎత్తున కూర్చున్నాం.

"నేను రాసేదాంట్లో అంతా ఉంటుంది. మీ పేర్లు, మీరు చేసిన తప్పు, మీరు చెప్పింది" అంది. "మీ పైవాళ్లు ఏం చేస్తారో నాకు తెలీదు."

"సరే మేడమ్" అన్నాను. బయట అప్పటికే వార్త పాకింది. ఎవరో రేకు డబ్బా వాయిస్తున్నారు. బావ నా వీపు మీద చరిచి, "పద, ఇవాళైనా తిందాం" అన్నాడు.

నేను గోడ వైపు తిరిగాను. కాగితం మీద ఇప్పుడు అన్నిటికంటే పైన ఒక ఆకుపచ్చ గీత ఉంది. సోమవారం మా కింద దాక్కుని ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. దగ్గరికి పోయి చూశాను. ఏడేళ్ల కిందట ఒక చోట అది కూడా లేచింది. చిన్న మెట్టు.

"ఇదెవరిది?"

ఆవిడ చెప్పింది. సముద్రం అవతల దేశం. అదీ చిన్నదే. స్టేషను ఒక్కటే.

"ఆ ఏడు అక్కడేం జరిగింది?"

"తెలీదు. అడగలేదు. మెట్టు పెద్దదని మీ దగ్గరికే వచ్చాను."

"ఇప్పుడడుగుతారా? కాటా దగ్గర పనిచేసే మనిషిని. నీళ్ల గొట్టం కాటాకి ముందుందా వెనకుందా అని. అంతే."

బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. చెవి దగ్గర, "బయటపడ్డాం కదరా. వాళ్లది దిగితే ఇంకొకరు పైకొస్తారు, వాళ్లూ దిగితే చివరికి మళ్లీ మనమే రావచ్చు. నీ కోటా అయిపోయింది, ఊరుకో" అన్నాడు.

కాగితం దగ్గరే నిలబడ్డాను. ఆ పచ్చ గీత కింద కూడా ఎవరో ఒకడు పూటపూటకూ సంతకం పెడుతుంటాడు. వాడి యార్డు పక్కనా ఎవరిదో కిటికీ ఉంటుంది. కాకపోతే వాళ్ల బాయిలరే పాతదై ఉండొచ్చు. అడక్కుండా ఎలా తెలుస్తుంది?

ఆవిడ గోడ గడియారం చూసింది. పదకొండుంపావు. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, ఒక నంబరు వెతికి, పక్కనున్న ఇంజనీరు గదిలోంచి ఫోను లాక్కుని వచ్చింది. తీగ టీ గది గుమ్మం దాకానే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చేసింది. అవతల మోగుతున్న చప్పుడు మా దాకా వినిపించింది. మోగి మోగి ఆగిపోయింది.

"భోజనాల వేళేమో అక్కడ" అంది. ఫోను పెట్టేయబోయింది.

బావ నా మోచెయ్యి వదిలేశాడు. గడియారం వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంకోసారి చెయ్యండి మేడమ్" అన్నాడు. "ఇంకా ముప్పావుగంటుంది."

ఆవిడ మళ్లీ నంబరు నొక్కింది. అవతల మోగడం మొదలైంది.